ఎనిమిది వందలకూ ఎనభై లక్షలకూ మధ్య రాయదుర్గం

పాత మారుతి 800నూ కొత్త బెంజి ఈ-క్లాస్‌నూ షోరూములో పక్కపక్కన నిలబెడితే పోలికే లేదు. రాయదుర్గం రోడ్డు మీద నిలబెడితే ఉంది.

డిసెంబరు, జనవరి నెలల్లో అనంతపురం జిల్లా రాయదుర్గం నుంచి కల్యాణదుర్గం పోయే దారిలో అక్కడక్కడా తారు కనిపించదు. దాని మీద ఉలవ కంప పరిచి ఉంటుంది. తొక్కించడానికి ఎద్దులు తగ్గిపోయాక, కళ్లం చేసుకునే జాగా, ఓపిక రెండూ కరువయ్యాక రోడ్డే కళ్లమైంది. పోయే లారీ, వచ్చే బస్సు, ఆటో, ట్రాక్టరు, పెళ్లికి పోయే టెంపో, అన్నీ రైతును కూలి అడగని కూలీలే. చక్రాల కింద కాయ పగులుతుంది, గింజ రాలుతుంది, సాయంత్రానికి తూర్పారబట్టి మూట కడతారు. పరవొద్దని పోలీసులు చెబుతూనే ఉంటారు, రైతులు పరుస్తూనే ఉంటారు.

కార్ల పత్రికలవాళ్లు కొత్త బండిని కొండదారిలో, వానలో, నున్నటి హైవే మీద నడిపి మార్కులు వేస్తారు. ఉలవ కంప మీద నడిపి చూసినవాళ్లు ఉన్నట్టు లేరు. ఎండిన కంప బండి కిందికి దూరి యాక్సిల్‌కు చుట్టుకుంటుంది, సైలెన్సర్ వేడికి రాజుకుంటుంది. ఇలా నడిరోడ్డు మీద కార్లు కాలిపోయిన సంఘటనలు సరిహద్దు అవతల కర్ణాటకలో ఉన్నాయి. నేలకు దగ్గరగా, పొడవుగా ఉన్న బండికి ఈ బెడద ఎక్కువ. మారుతి 800 వెడల్పు 1.44 మీటర్లు. కంప కనపడగానే డ్రైవరు రెండు చక్రాలు మట్టిలోకి దించి పక్కనుంచి జారుకుంటాడు. బెంజి వెడల్పు అద్దాలు కలపకుండానే 1.88 మీటర్లు. అది ఆగుతుంది, హారన్ కొడుతుంది, చివరికి డ్రైవరు దిగి రైతుతో మాట్లాడాల్సి వస్తుంది.

"కొంచెం పక్కకు తీయన్నా, పెద్ద బండి" అంటాడు.

"పెద్ద బండైతే ఇంకా బాగ తొక్కుతాది కదప్పా, పోనీ."

జానెడు తేడా

ముందు కాగితం మీది లెక్కలు చూసి పక్కన పెడదాం. మెర్సిడెస్-బెంజ్ 2024 అక్టోబరులో మన దేశంలో విడుదల చేసిన ఈ-క్లాస్ ధర 78.5 లక్షల దగ్గర మొదలైంది. అది షోరూము ధర. రోడ్డు పన్ను, బీమా కలిపితే ఎనభై లక్షలు సునాయాసంగా దాటుతుంది. 1983 డిసెంబరు 14న ఢిల్లీలో ఇందిరా గాంధీ హర్‌పాల్ సింగ్ అనే ఆయన చేతికి మొట్టమొదటి మారుతి 800 తాళాలు ఇచ్చినప్పుడు దాని ధర 47,500 రూపాయలు. మధ్యలో రూపాయి ఎంత కరిగిందో మనకు తెలియనిది కాదు. అయినా, ఒక బెంజి డబ్బుకు అప్పటి ధరలో 165 మారుతులు వచ్చేవంటే రచ్చకట్ట మీద ఎవరైనా ఒక్క క్షణం లెక్క సరిచూసుకుంటారు.

800 మొత్తం పొడవు 3,335 మిల్లీమీటర్లు. ఈ-క్లాస్ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరమే 3,094. అంటే పెద్దదాని చక్రాల నడుమ చిన్నదాన్ని కొలిస్తే, చిన్న కారు ముక్కూ తోకా కలిపి బయటికొచ్చేది జానెడు. మారుతి ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు, 37 హార్స్‌పవర్, బరువు 650 కిలోల చిల్లర. ఈ-క్లాస్ డీజిల్‌ది రెండు లీటర్ల ఇంజను, 197 హార్స్‌పవర్, వాటంతట అవే మారే తొమ్మిది గేర్లు, బరువు దాదాపు రెండు టన్నులు.

ఈ అంకెల్లో లేని తేడా ఒకటుంది. మన దేశంలో అమ్మే ఈ-క్లాస్ పొడవు పెంచిన రకం. పెంచిందంతా వెనక సీటు ముందు, కాళ్లు చాపుకోవడానికి. యజమాని వెనక కూర్చుంటాడని కంపెనీకి తెలుసు. మారుతిలో యజమానే డ్రైవరు. పక్కన భార్య, వెనక ముగ్గురు పిల్లలు, వాళ్ల ఒళ్లో ఇంకొకడు, కాళ్ల కింద పెన్నహోబిలం తిరునాళ్లకు కట్టుకున్న చిత్రాన్నం డబ్బా.

ఈ వైపు 800 కొన్నది ఎవరంటే డాక్టరు, హైస్కూలు హెడ్మాస్టరు, ఎల్ఐసీలో పెద్ద చెయ్యి, మండీలో వేరుశనగ కొని అమ్మే షావుకారు. రైతు కొన్నాడంటే ఆ ఏడు వాన పడిందన్నమాట. జిల్లా సగటు వర్షపాతమే ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. అందులోనూ రాయదుర్గం, కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు మేఘం ఇంకా పిసినారి. కాబట్టి రైతు ఇంటి ముందు మారుతి అంటే వరసగా రెండు మంచి పంటలు, లేదంటే కొడుకు ఉద్యోగం.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోయారు. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో బండ్ల పొగ మీద బీఎస్-4 నిబంధన వచ్చింది. 800 ఇంజను దానికి తూగదు కాబట్టి ఆ నగరాల్లో అమ్మకం ఆపేశారు. చిన్న ఊళ్లలో మాత్రం 2014 జనవరిలో తయారీ నిలిపేదాకా అమ్మారు. నగరానికి పనికిరాదన్న బండి మనకు ఇంకో నాలుగేళ్లు కొత్తదిగానే వచ్చింది. చిన్నచూపు అనుకోవచ్చు. ఈరోజు ఊళ్లో తిరుగుతున్న 800లలో గట్టిగా ఉన్నవి ఆ నాలుగేళ్లవే అని కూడా అనుకోవచ్చు.

ఎర్ర దుమ్ములో నల్ల కార్లు

బెంజి, బీఎండబ్ల్యూలు ఈ దారిలో తరచుగా కనబడిన కాలం ఒకటుంది. 2008 ఒలింపిక్స్‌కు ముందు చైనాకు ఇనుము కావాల్సి వచ్చింది. డి.హీరేహాళ్ మండలం ఓబుళాపురం కొండల్లో, అవతల సండూరు, హోస్పేట కొండల్లో ఆ ఇనుము ఉంది. రాత్రీ పగలూ ఖనిజం లారీలు. దారి పక్క చెట్ల ఆకులు కూడా ఎర్రగానే ఉండేవి. ఆ దుమ్ములోంచి అద్దాలు ఎత్తుకున్న నల్ల కార్లు దూసుకుపోయేవి, ఎక్కువగా బళ్లారి వాళ్ల కేఏ 34 నంబర్లు. టీ అంగడి ముందు కూర్చున్నవాళ్లు బండి పేరు చెప్పేవాళ్లు కాదు, ధర చెప్పేవాళ్లు.

2011 జులైలో బళ్లారి జిల్లాలో తవ్వకాలు ఆపమని సుప్రీంకోర్టు ఆదేశించింది. సెప్టెంబరులో ఓబుళాపురం అక్రమ తవ్వకాల కేసులో సీబీఐ అరెస్టులు మొదలయ్యాయి. లారీలు ఆగాయి, లారీలకు చేసిన అప్పులు ఆగలేదు. మారుతి మన పంట డబ్బుతో వచ్చింది, బెంజి మన కొండ డబ్బుతో వచ్చింది అని అప్పట్లో అనేవాళ్లున్నారు. పంట మళ్లీ వేసుకోవచ్చు. కొండ సంగతి వేరు.

బానెట్ ఎత్తితే

బళ్లారి రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డు. మధ్యాహ్నం ఎండలో తెల్ల మారుతి ఒకటి బానెట్ ఎత్తి నిలబడింది. ఏపీ 02 నంబరు, 1990ల నాటి బండి. లోపలికి తొంగి చూస్తే ముందు కనపడేది ఖాళీ. ఇంజను చుట్టూ మోచేతి దాకా చెయ్యి దూరుతుంది, సందులోంచి కింద నేల కనిపిస్తుంది. మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ మూత తీశాడు. కాగితం మడతల నిండా పిండిలా ఎర్రమట్టి. ఫిల్టర్‌ను టైరుకేసి కొట్టి దులిపాడు, కంప్రెసర్ గాలి పట్టాడు. కార్బొరేటర్ విప్పి సన్నటి ఇత్తడి జెట్టును నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. వెలుతురుకు ఎత్తి ఒంటికన్నుతో చూశాడు. రంధ్రంలోంచి అవతలి వెలుగు కనపడింది, పని అయింది. మూడు ప్లగ్గులు తీసి మసి గీకి, గ్యాప్‌ను హాక్సా బ్లేడు ముక్కతో కొలిచి మళ్లీ బిగించాడు. ఇంత పనిలోనూ కరెంటుతో పనిబడింది కంప్రెసర్‌కు మాత్రమే.

"ఇది మొరాయిస్తే ఎందుకు మొరాయించిందో చెవికి తెలుస్తాది సార్. ఆ పెద్ద బండ్లయితే స్క్రీను మీద రాస్తాది. రాసింది నాకు అర్థం కావల్ల. అర్థమైనా సామాను నా తాన దొరకల్ల."

"మరి ఈడ ఆగిపోతే?"

"బెంగళూరుకు మోయల్ల. ఇంకేముంది."

మోయడం అంటే ఫ్లాట్‌బెడ్ లారీ పిలిపించి, దాని మీదికి ఎక్కించి, రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు తీసుకుపోవడం. 800 అయితే బ్యాటరీ పడిపోయినా నలుగురు తోస్తే, రెండో గేరులో క్లచ్ వదిలితే లేస్తుంది. ఆటోమేటిక్ బండిని ఊరంతా కలిసి తోసినా స్టార్ట్ కాదు. డీజిల్ బెంజిలో పొగలోని విషవాయువును తగ్గించడానికి యాడ్‌బ్లూ అనే ద్రవం విడిగా పోయాలి. అది పూర్తిగా అయిపోయాక ఇంజను ఆపితే, డీజిల్ ట్యాంకు నిండుగా ఉన్నా మళ్లీ స్టార్ట్ కానివ్వదు. ముందుగా హెచ్చరికలు చాలా ఇస్తుంది, అది నిజం. హెచ్చరించడానికి కారుకు తెలుసు, వినడానికి డ్రైవరుకు తెలియాలి కదా. మసిని పట్టే ఫిల్టర్ ఇంకొకటుంది. బస్టాండు నుంచి ఇంటికి, ఇంటి నుంచి అంగడికి తిప్పుతుంటే అది మూసుకుపోతుంది. అప్పుడప్పుడు హైవే మీద వేగంగా కాసేపు నడిపితేనే లోపలి మసి కాలి శుభ్రపడుతుంది. రాయదుర్గం లాంటి ఊళ్లో బెంజిని ఉంచుకున్నవాడు దాని ఆరోగ్యం కోసం పనిలేకున్నా ఊరు దాటి తిప్పుకు రావాలన్నమాట.

షెడ్డులో విన్న మాటల్లో నాకు బాగా నచ్చింది నీళ్ల సంగతి. "రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయొద్దని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది" అన్నాడు మెకానిక్. ఈ గడ్డ మీద బోరు నీళ్లంటే ఉప్పు, సున్నం. వేడికి అవి రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటాయి, దారి మూసుకుంటుంది, బండి మే నెల ఎండలో ఏదో ఎక్కుడు మీద ఆవిర్లు కక్కుతుంది. అందుకే మనిషి తాగే క్యాను నీళ్లే కారుకూ పోస్తారు. బెంజికి ఈ బాధ లేదు. దాని కూలెంట్ మూత మామూలుగా ఎవరూ ముట్టుకోరు.

కరువు కారుకు చేసే మేలు కూడా ఒకటుంది. గాలిలో తేమ లేదు, సముద్రపు ఉప్పుగాలి లేదు. నెల్లూరులోనో విశాఖలోనో ఈ వయసు మారుతి అయితే ఫుట్‌బోర్డు ఎప్పుడో చిల్లులు పడేది. ఇక్కడ రేకు గట్టిగా ఉంటుంది. పోయేది రబ్బరు, ప్లాస్టిక్. తలుపుల బీడింగులు ఎండకు బీటలు వారతాయి, డ్యాష్‌బోర్డు పగులుతుంది, హోస్ పైపులు గట్టిపడి విరుగుతాయి.

గుద్దుకుంటే

ఇంతవరకూ చదివినవాళ్లు నేను మారుతి పార్టీ అనుకుంటారు. కాదు. ఈ కథలో మారుతి చిత్తుగా ఓడిపోయే చోటు ఒకటుంది. అది చిన్న చోటు కాదు, ప్రాణం.

మన రోడ్ల మీద రాత్రిపూట వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలు పోతుంటాయి. పంక్చరైన లారీ నడిరోడ్డు మీదే ఆగి, వెనక రెండు రాళ్లూ నాలుగు చెట్టుకొమ్మలూ పెట్టుకుని ఉంటుంది. 800లో ఎయిర్‌బ్యాగు లేదు, ఏబీఎస్ లేదు. ముందు మనిషి మోకాళ్లకూ బంపరుకూ మధ్య ఉన్నదల్లా పల్చటి రేకు, చిన్న ఇంజను. ఈ-క్లాస్‌లో 8 ఎయిర్‌బ్యాగులు ఉంటాయి. ఎదుట ఉన్నదాన్ని కెమెరా, రాడార్ కనిపెట్టి, డ్రైవరు తొక్కకపోతే బ్రేకు తానే వేస్తుంది. గుద్దుకున్నా ముందు భాగం నలిగిపోయి, మనుషులు కూర్చున్న గది నిలబడేలా కట్టారు. ఇది షోకు కాదు, ఇంజనీరింగ్. రాత్రి రెండు గంటలకు గుండెనొప్పి మనిషిని బెంగళూరు ఆసుపత్రికి తీసుకుపోవాలంటే, 800 మీద పాటలు కట్టేవాడు కూడా బెంజి తాళాలే అడుగుతాడు.

ఒక షరతు మాత్రం ఉంది. 2022 సెప్టెంబరు 4న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ ముంబయి దగ్గర పాల్ఘర్ జిల్లాలో కారు ప్రమాదంలో చనిపోయారు. ఆయన కూర్చున్నదీ బెంజే, వెనక సీట్లో, బెల్టు పెట్టుకోకుండా. పొడవు పెంచిన ఆ వెనక సీట్లో దర్జాగా కాళ్లు చాపుకున్నవాళ్లలో బెల్టు పెట్టుకునేవాళ్లు ఎందరో మన పెళ్లి ఊరేగింపుల్లో చూస్తే తెలిసిపోతుంది.

ఎండ సంగతి కూడా చెప్పాలి. మే నెలలో 800లో ఏసీ వేస్తే చల్లదనం వస్తుంది, లాగుడు పోతుంది. బస్సును దాటాలంటే ముందు ఏసీ ఆపి, దాటాక మళ్లీ వేసుకోవడం ఈ బండి నడిపిన ప్రతివాడికీ చేతి అలవాటు. బెంజిలో ఆ ప్రసక్తే లేదు.

ప్రధాని ఇంటి ముందు రెండు కార్లు

ఈ రెండు రకాల కార్లు పక్కపక్కన నిలబడిన చోటు దేశంలో ఒకటుంది. అది మన్మోహన్ సింగ్ ప్రధానిగా ఉన్నప్పటి అధికార నివాసం. 2024 డిసెంబరు 26న ఆయన చనిపోయాక, ఒకప్పుడు ఆయన భద్రతా బృందంలో పనిచేసి తర్వాత ఉత్తరప్రదేశ్‌లో మంత్రి అయిన అసీం అరుణ్ ఒక సంగతి పంచుకున్నారు. ప్రధానికి సొంతానికి ఉన్నది ఒకే కారు, మారుతి 800. తళతళలాడే నల్ల బీఎండబ్ల్యూ వెనకాల అది నిలబడి ఉండేదట. ఈ పెద్ద కారులో తిరగడం నాకిష్టం లేదు, నా బండి అదీ అని ఆయన మారుతిని చూపించేవారట. ఇది విలాసం కోసం కాదు, భద్రత కోసం అని అరుణ్ నచ్చజెప్పేవారట. కాన్వాయ్ మారుతి ముందు నుంచి పోతున్నప్పుడల్లా ఆయన చూపు దాని మీదే ఉండేదట.

ఈ కథను నిరాడంబరతకు గుర్తుగా చెప్పుకుంటున్నారు. నాకు అందులో ఇంకో ముడి కూడా కనిపిస్తుంది. 1991లో ఆర్థిక మంత్రిగా విదేశీ కంపెనీలకు తలుపులు తెరిచింది ఆయనే. 1995లో పుణెలో బెంజి ఈ-క్లాస్ తయారీ మొదలైంది ఆ తెరిచిన తలుపులోంచే. అదే మన్మోహన్ ప్రధానిగా 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాకే వచ్చి, నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. బెంజికి దారి వేసిన చేతులే, ఏ కారూ కొనలేని మనిషికి వంద రోజుల పని కాగితం ఇచ్చాయి. ఆయన్ను పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ ఈ రెంటిలో ఒకదాన్నే గుర్తుపెట్టుకుంటారు.

ఏ రాయదుర్గం?

రాయదుర్గంలో బెంజి కార్లు ఎన్ని అని హైదరాబాద్‌లో అడిగితే లెక్కపెట్టలేం అంటారు. వాళ్లు చెప్పేది మెట్రో ఆఖరి స్టేషన్ ఉన్న రాయదుర్గం గురించి. 2025 అక్టోబరులో అక్కడ ప్రభుత్వ వేలంలో ఎకరం 177 కోట్లు పలికింది. ఆ లెక్కన ఎకరానికి 225 ఈ-క్లాసులు. మన రాయదుర్గం నుంచి చదువుకుని వెళ్లి ఆ రాయదుర్గంలో పనిచేసే పిల్లలున్నారు. పండక్కి వచ్చినప్పుడు కొందరు వెంట తెచ్చేది పాత బెంజి.

దాని కథ విడిగా రాయాల్సినంత ఉంది. కొత్తప్పుడు అరవై లక్షలు పెట్టినది పదేళ్లకు మామూలు కొత్త కారు ధరకే దొరుకుతుంది. ధర పడిపోతుంది, విడిభాగాల ధర పడిపోదు. బండి వయసుతో పాటు దిగింది కొన్న ధరే. హెడ్‌లైటు, సస్పెన్షన్, గేర్‌బాక్స్ బిల్లులు మాత్రం అరవై లక్షల కారువే. కొన్న ఏడాదికే ఇంటి ముందు కవరు కప్పుకుని కదలకుండా నిలబడ్డ పెద్ద కార్లు ఈ వైపు ఊళ్లలో కనిపించేది అందుకే. పాత 800 ధర ఇంకా అడుగున ఉంటుంది, కొత్త మోటారు సైకిల్ కన్నా తక్కువకే వస్తుంది. దాని విడిభాగాలూ ఆ స్థాయిలోనే ఉంటాయి.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారింది. చిన్న పెట్రోలు కార్ల మీద 29 శాతం దాకా ఉన్న పన్ను 18కి దిగింది. పెద్ద సెడాన్ల మీద సెస్సుతో కలిపి 48 ఉన్నది 40 అయింది. చిన్న కారుకే ఎక్కువ తగ్గించామని శాతాల్లో చెప్పారు, నిజమే. రూపాయల్లో చూస్తే 78.5 లక్షల కారు మీద ఆ తేడా నాలుగు లక్షల పైచిలుకు. అంతకన్నా తక్కువకే కొత్త ఆల్టో కె10 మొదటి రకం వస్తుంది.

దానికి నెల ముందే, 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించుకునే రుసుమును కేంద్రం 10,000 రూపాయలకు పెంచింది. 2022 ఏప్రిల్‌కు ముందు పదిహేనేళ్లు దాటిన కారుకు ఇది 600 ఉండేది. పొగ కక్కే పాత బండ్లు రోడ్డు దిగాలన్నది ఉద్దేశం. ఉద్దేశాన్ని తప్పుపట్టలేను. అయితే ఇరవై ఏళ్లు దాటిన బెంజి యజమానికీ ఇరవై ఏళ్లు దాటిన మారుతి యజమానికీ ఒకే పదివేలు పెట్టడం ఏం న్యాయమో ఆలోచించినట్టు లేదు.

షెడ్డులో ఉన్న ఆ తెల్ల మారుతి యజమాని చిన్న జీన్స్ యూనిట్ నడుపుతాడు. రాయదుర్గంలో ప్యాంట్లు కుట్టడం ఇంటింటి పని. వెనక సీటు తీసేసి, అక్కడ కత్తిరించిన గుడ్డ కట్టలు వేసుకుని ఇళ్లకు పంచుతాడు, కుట్టినవి ఏరుకొస్తాడు. రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడింది. పదివేలు కట్టి ఐదేళ్లు నడపడమా, తూకానికి అమ్మేయడమా అని మెకానిక్‌ను అడుగుతున్నాడు.

"ఇంజను ఇంకా ఐదేండ్లకు డోకా లేదన్నా. ఫిట్‌నెస్‌కు పోయేముందు ఆ కుడి లైటు మార్చల్ల, పసుపెక్కింది."

"అది ఈడ దొరుకుతాదా, బళ్లారికి పోవల్లనా?"

ఈడనే దొరుకుతుందని ఒకరు, బళ్లారిలో అయితే నూట యాభై తక్కువని ఇంకొకరు. బస్సు చార్జీ ఎంతవుతుందన్న దగ్గర మాట ఇంకా తెగలేదు.